అన్న చెమట, నా పొడి చెయ్యి

అన్న పోయాడన్న కబురు గూడూరు వడ్ల కేంద్రం వాట్సాప్ గ్రూపులో పొద్దున ఆరున్నరకు వచ్చింది. దాని కింద వరసగా దండం బొమ్మలు, పూల బొమ్మలు. ఎనిమిదో మెసేజు మాత్రం బొమ్మ కాదు. "అన్న పోయిండు. ఇగ గూడూరుల వడ్లు ఎండుతయి" అని ఎవరో రాశారు. దాని కింద కళ్లనీళ్లు కారేటట్టు నవ్వే మొహాలు పద్నాలుగు. అందరి కింద ఇంకొకాయన, "ఈ ముచ్చట మన ట్యాబ్ సారు చెప్తే ఇనాలె" అని నా గొప్పతనం నాకు అప్పగించాడు.

ట్యాబ్ సారును నేనే. ఆ జోకు నాదే. ఐదేళ్లుగా పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, ఆఫీసు మీటింగుల్లో దాన్ని చెప్పి నవ్వించినవాడిని నేనే. అయితే ఐదేళ్లూ దాని చివర ఒక సంఖ్య తప్పు చెప్పాను. ఆ సంఖ్య సరిచేయడానికే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. రాస్తానంటే వదిన, "పేరెందుకు మరిదీ, అన్న అను. ఆయన్ను అందరు గట్లనే పిలిచిండ్రు" అంది.

ముందు మా పని సంగతి చెప్పాలి. ఎండాకాలం యాసంగి పంట కోతలయ్యాక రైతులు వడ్లు తెచ్చి కొనుగోలు కేంద్రంలో కుప్పలు పోస్తారు. వడ్లలో తేమ పదిహేడు శాతానికి మించకూడదు. మించితే మళ్లీ ఆరబోసుకోవాలి. తక్కువుంటే కాంటా పెట్టి, సంచులకెత్తి, లారీలో మిల్లుకు పంపుతారు. ఆ తేమ చూసే యంత్రం అరచేతిలో పట్టే డబ్బా. గిన్నెలో గుప్పెడు వడ్లు పోసి, మూత బిగించి, మీట నొక్కితే సంఖ్య వస్తుంది. డబ్బా అన్న చేతిలో ఉండేది. ఆయన చెప్పిన సంఖ్యను ట్యాబులో ఎక్కించే పని నాది. ఒకే బల్ల, రెండు కుర్చీలు, ఒక గొడుగు. గొడుగు నీడ ఎప్పుడూ ఆయన వైపే ఉండేది. దాని గురించి మూడు సీజన్లు నేను సణిగాను.

అన్నకు చెమట పట్టేది. ఈ మాట ఇలా రాస్తే ఏమీ తెలియదు. చెమట అందరికీ పడుతుంది. అన్నకు పట్టడం కాదు, కురిసేది. పొద్దున ఎనిమిదింటికి, ఇంకా ఎండ రాకముందే, నుదుటి మీద మొదటి చుక్క. తొమ్మిదికి కనుబొమ్మలు నిండేవి. పదికల్లా అంగి వీపుకు అతుక్కుపోయి, లోపలి బనీను మీది కంపెనీ పేరు బయటి నుంచి చదవొచ్చు. మధ్యాహ్నం కాస్త ఆరితే వీపు మీద తెల్లటి ఉప్పు గీతలు తేలేవి. మా జిల్లాను ముక్కలు చేసిన కొత్తలో హమాలీలు ఆ గీతలు చూసి ఏది ఏ కొత్త జిల్లా అని పందెం కాసేవాళ్లు.

"ఇగో, గిది జనగామ. గది మానుకోట. కింద భూపాలపల్లి."

"భూపాలపల్లి గంత పెద్దగున్నదేందిరా?"

"అడివి గద!"

అన్న వెనక్కి తిరగకుండానే అనేవాడు: "మంచిగ చూడుండ్రి. నేను పుట్టింది జనగామ దిక్కు రఘునాథపల్లి. పనిచేసేది మానుకోట దిక్కు గూడూరు. అత్తగారిల్లు భూపాలపల్లి దిక్కు మొగుళ్లపల్లి. సర్కారు కన్న ముందుగాల నా వీపే జిల్లాలు చేసింది."

ఆయన దగ్గర మూడు తువ్వాళ్లుండేవి. మూడింటికీ పేర్లు. మెడ చుట్టూ ఉన్నది కాపలాది. భుజం మీదిది పనిది. సంచిలో మడత పెట్టి, ఎవరినీ ముట్టనివ్వకుండా ఉంచేది మర్యాదది. ఆఫీసర్లు వచ్చినప్పుడు, ఎవరైనా చేయి కలపబోయినప్పుడు మర్యాదది బయటికి వచ్చేది. ఒకసారి పైనుంచి వచ్చిన ఆఫీసరు చేయి చాచితే, అన్న "జర ఆగుండ్రి సార్" అని తువ్వాల తీసి, వేలు వేలూ తుడుచుకుని, ఆరబెట్టుకోవడానికి రెండుసార్లు విదిలించి, అప్పుడు చేయి అందించాడు. అప్పటికి ఆఫీసరు జీపెక్కాడు. అన్న ఆ పొడి చేతిని వృథా చేయడం ఇష్టం లేక నాకు అందించాడు.

చెమటను ఆయన వడ్లను చూసినట్టే చూసేవాడు. రకాలు తెలిసేవి. ఎండ చెమట వేరు, ఉప్పగా, వేడిగా ఉంటుంది. బువ్వ చెమట వేరు, ముద్ద నోట్లో పెట్టగానే మొహం, తల, మెడ మీద మాత్రమే వస్తుంది. మూడోది చల్ల చెమట. "దాంతోని పరాష్కాలొద్దు తమ్మీ. చక్కెర పడిపోయినప్పుడు వచ్చేది గదే. చేతులు వణుకుతయి, చెమట చల్లగుంటది. అప్పుడు తుడుసుకుంట కూసోవద్దు. నోట్ల తీపి ఏసుకోవాలె." అందుకే అంగి జేబులో ఎప్పుడూ చక్కెర పొట్లం. షుగర్ ఉన్నవాడు జేబులో చక్కెర పెట్టుకు తిరగడం మాకు పెద్ద తమాషాగా ఉండేది.

షుగరు ఆయనకు చాలా ఏళ్లుగా ఉంది. మొదట చెమట చూసి భయమనుకున్నారు. ఇంటివాళ్లు తాయెత్తు కట్టించారు. అది చెమటకు నాని మూడో రోజు ఊడిపోయింది. చివరికి మేం మానుకోట అనే మహబూబాబాద్ దవాఖానలో ఒక డాక్టరమ్మ విషయం చెప్పింది. ఆమె చెప్పిందాన్ని అన్న మాకు ఇలా వివరించేవాడు: "షుగరు మస్తు దినాలుంటే నరాలు ఆగమైతయట. నీళ్లిడిసే నరాలున్నయి గద, గవి లెక్క తప్పినయట. పైన అడగకున్నా ఇడుస్తయి, కింద కాళ్లకు అడిగినా ఇడువయి. అంటే ఏందన్నట్టు? నడుము మీద వానకాలం, నడుము కింద యాసంగి."

నిజంగానే ఆయన పాదాలు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉండేవి. మొద్దుబారి ఉండేవి కూడా. రోజూ సాయంత్రం బల్ల దగ్గర బూట్లు విప్పి, గడ్డం గీసుకునే అద్దాన్ని అరికాలి కింద పెట్టి, పుండేమైనా పడిందేమోనని వేలి సందులన్నీ చూసుకునేవాడు. అటు వెళ్లే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. "మొఖం చూసుకునే ఈడు అయిపోయిందే, ఇగ కాళ్లే" అనేవాడు వాళ్లతో.

జనగామలో ఒక పెళ్లికి ఇద్దరం వెళ్లాం. అన్న పెళ్లిళ్లలో ముందు పందిరి చూడడు, కూలరు ఎక్కడుందో చూస్తాడు. దాని పక్క కుర్చీ పట్టాడంటే ముహూర్తమైనా లేవడు. ఆ రోజు భోజనాల దగ్గర మాత్రం కూలరు లేని వరసలో ఇరుక్కున్నాడు. చింతకాయ తొక్కు కలిపి మొదటి ముద్ద పెట్టాడు. అంతే, బువ్వ చెమట మొదలైంది. కనుబొమ్మల మీదుగా, ముక్కు పక్కనుంచి, గడ్డం దాకా ధారలు. తుడుచుకుందామంటే ఒక చేయి ఎంగిలి, రెండో చేతిలో మంచినీళ్ల గ్లాసు. అప్పుడే పెళ్లికూతుర్ని అప్పగింతలకు లేపుతున్నారు. పెళ్లికూతురు మేనత్త ఆయన్ను చూసి కరిగిపోయింది.

"ఊకో అన్నా, ఊకో. ఆడివిల్ల ఎన్నడున్నా పోయేదే గద" అని తన కొంగుతో మొహం తుడిచింది.

ఆయన ఆ పిల్లను అంతకు ముందు చూడలేదు. మేం వెళ్లింది పెళ్లికొడుకు తరఫున. అయినా అన్న నోట్లో ముద్దతో, తల దించుకుని, "ఏం చేద్దాం చెల్లె, దిల్ ఆగుత లేదు" అన్నాడు. ఆ మేనత్త ఆయనకు ఇంకో రెండు బూరెలు వడ్డించమంది. ఆయన ఆ బూరెలు నా విస్తరిలో వేశాడు.

ఈ మనిషి గురించి నేను ఆ జోకు చెప్పాను. "అన్న చెమట సుక్క వడ్లల్ల పడితే ఒక పాయింటు పెరుగుతది. రెండు సుక్కలకు రెండు పాయింట్లు." బల్ల చుట్టూ ఉన్న రైతులు విరగబడి నవ్వారు. అన్న కూడా నవ్వాడు. అందరికంటే ముందు నవ్వాడు. తనను చూసి నవ్వబోతున్నారని తెలిసినవాడు ఎందుకు ముందే నవ్వుతాడో అప్పుడు నాకు తెలియదు.

అసలు సంగతి ఏమిటంటే, మా కేంద్రంలో వడ్లను చేత్తో ముట్టకుండా తేమ చూసేవాడు అన్న ఒక్కడే. ఆయన లేని పూట డబ్బా పడితే మేమంతా గుప్పిట్లో తీసి పోసేవాళ్లం. ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు చెంచాతో, చేయి బారెడు చాచి, తల పక్కకు తిప్పుకుని, నుదుటికి కాపలా తువ్వాల కట్టుకుని, పాలు పొంగుతుంటే దూరం నుంచి పొయ్యి ఆర్పినట్టు పోసేవాడు. ఒక్క చుక్క పడే ప్రశ్న లేదు. అది నాకు తెలుసు. తెలిసి చెప్పాను. జోకు బాగుంది కనుక చెప్పాను.

ఆ యాసంగిలో అకాల వానలు మొదలయ్యాయి. లారీలు దొరకడం లేదు. ఒక మధ్యాహ్నం ఒక్క లారీ వచ్చింది. వరసలో ముందు ఊరి మాజీ సర్పంచి కుప్ప. ఆయన్ను అందరూ పటేలా అనేవారు. ఆయన వెనక, తండా నుంచి వచ్చిన ఒక అవ్వ కుప్ప. అవ్వ తొమ్మిది రోజులుగా అక్కడే ఉండి, పొద్దునొకసారి, పగలు రెండుసార్లు కాళ్లతో తిరగేస్తూ వడ్లు ఎండబెట్టింది. తేమ పదిహేనుకు తెచ్చింది. పటేలు కుప్ప దగ్గర మనుషులే లేరు.

అన్న చెంచాతో తీసి, పటేలు వడ్లు చూశాడు.

"పటేలా, పందొమ్మిది పాయింట్ రెండు. ఇంక రెండు ఎండలు కావాలె. అవ్వయి ఎండినయి. గీ లారీ అవ్వకు."

పటేలు ఆకాశం వైపు చూశాడు. నల్లగా ఉంది. అన్న మొహం వైపు చూశాడు. అది ఆకాశం కంటే ముందే కురుస్తోంది.

"నీ చెమట పడి నా వడ్లు నానినయిరా!"

"ఒక్క సుక్క పడలే పటేలా. చెంచాతోని తీసిన గద."

"పడ్డది! సుక్కకొక పాయింటని మీ ట్యాబ్ సారే చెప్పిండు. ఊరంత ఇన్నది. చదువుకున్నోడు అబద్ధం చెప్తడా?"

నా జోకు అక్కడ సాక్ష్యంగా నిలబడింది. జనం నా వైపు తిరిగారు. నేను అప్పుడే "అది తమాషాకన్న మాట పటేలా" అనుంటే అయిపోయేది. గొంతులో మాట తయారుగానే ఉంది. అయితే అప్పటికే పంచాయితీ పుంజుకుంది. ఎవరో ఉపాయం చెప్పారు: అదే కుప్పలోంచి ఇంకో గుప్పెడు తీయాలి, చెమట లేని చేత్తో చూడాలి. తేడా వస్తే అన్న తప్పు, రాకపోతే పటేలు తప్పు.

చెమట లేని చెయ్యి ఎవరిదన్నది తర్వాతి విచారణ. ముగ్గురి చేతులు చూశారు. పటేలు స్వయంగా నా అరచేతిని బొటనవేలితో రుద్ది, "ఎండిన రొట్టె తీరుగున్నది. గీ చెయ్యి పాస్" అన్నాడు. అన్నను పది అడుగుల దూరం పంపారు. "గాలి గటు నుంచి ఇటొస్తున్నది, సుక్కలు ఎగురుతయి" అని ఒకాయన అడ్డం పడ్డాడు. అన్నను ఇంకో పక్కకు మార్చారు. గాలి మారింది. మళ్లీ మార్చారు. మూడోసారి అన్నే, "ఒక పని చెయ్యిండ్రి, నన్ను లారీల కూసోవెట్టి అద్దాలెక్కియ్యిండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మర్యాద తువ్వాల తీసి మొహం మీద కప్పుకుని నిలబడ్డాడు.

నేను గుప్పెడు వడ్లు తీసి గిన్నెలో పోశాను. మూత బిగించాను. మీట నొక్కాను.

మబ్బుల్లోంచి ఆ ఒక్క నిమిషమే ఎండ పడింది. డబ్బా అద్దం తళతళలాడింది. నేను అరచేయి అడ్డం పెట్టుకుని చూశాను. సంఖ్య నాకు ఒక్కడికే కనిపించింది.

పటేలు నన్నే చూస్తున్నాడు. సొంత ఊరి దగ్గరి కేంద్రానికి నన్ను మార్చమని పైవాళ్లకు చెబుతానని ఆయన మాట ఇచ్చి నెల అయింది. భయం కూడా ఉంది, జనం గుమిగూడి ఉన్నారు. కానీ ఇవి రెండూ సగం కారణాలే. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా జోకు గెలవాలని నాకు అనిపించింది.

"పదహారున్నర" అన్నాను.

ఈలలు వేశారు. పటేలు నా వీపు చరిచాడు. అన్న మొహం మీది తువ్వాల తీసి, ఆ పది అడుగులూ నడిచి వచ్చి, నా గిన్నెలోంచి ఒక గింజ తీసుకుని పంటి కింద పెట్టాడు. యంత్రాలు రాకముందు తేమ అలాగే చూసేవాళ్లు. ఎండిన గింజ టక్కుమంటుంది. పచ్చి గింజ చప్పుడు చేయదు, మెత్తగా నలుగుతుంది.

ఏ చప్పుడూ రాలేదు.

అన్న నమిలి, మింగి, నా చేతి వైపు చూశాడు.

"నీ చెయ్యి మస్తు పొడిగున్నది తమ్మీ" అన్నాడు. తన చెంచా నా బల్ల మీద పెట్టాడు.

ఐదేళ్లు నేను చెప్పిన కథ ఇక్కడితో ఆగుతుంది. ఈలల దగ్గర. నవ్వు అక్కడే వస్తుంది మరి.

మిగతాది ఇది. లారీ పటేలు వడ్లతో వెళ్లిపోయింది. గంటలో వాన పడింది. అవ్వ దగ్గర ఉన్న ఒక్క టార్పాలిన్ పరదా కుప్పకు సగమే చాలింది. తెల్లారి అవ్వ తడిసిన వడ్లను కల్లం నిండా పరిచి కూలబడింది. అన్న బూట్లు విప్పాడు. ధాన్యం మీద చెప్పులతో నడవకూడదు, షుగర్ కాళ్లతో ఒట్టి పాదాలా నడవకూడదు. ఆలోచించి రెండు జతల ఉతికిన మేజోళ్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, లాగు పైకి మడిచి, వడ్లలో కాళ్లీడుస్తూ సాళ్లు తీయడం మొదలుపెట్టాడు. పైన మూడు తువ్వాళ్లు, కింద నాలుగు మేజోళ్లు. అవ్వ పది రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"వద్దవ్వా, నవ్వకు. చెమట పడుతున్నది, నువ్వు పక్కకు జరుగు, నేను అంచు పొంటి తిరుగుత" అన్నాడాయన.

"పడనియ్యి కొడుకా. నా వడ్లకు ఇంక నానేదేమున్నది?" అంది.

రెండు రోజులు ఆయన అలాగే తిరిగాడు. నేను గొడుగు నీడలో ట్యాబు పట్టుకుని కూర్చున్నాను. గొడుగు నీడ నా వైపుకు రావడం అదే మొదలు.

మూడో రోజు మిల్లు నుంచి పటేలు లారీ తిరిగొచ్చింది. వడ్లు పచ్చిగా ఉన్నాయన్నారు. అప్పుడైనా నిజం బయటపడుతుందనుకున్నాను. పడలేదు. జనం ఒక్క పూటలో కారణం కనిపెట్టారు: మొదటిసారి చూసినప్పుడు పడిన అన్న చెమట మెల్లగా బస్తాల అడుగు దాకా దిగిందట. నమ్మండి, ఈ మాటను చదువుకున్నవాళ్లు కూడా తలూపుతూ విన్నారు. అన్నను డబ్బా ముట్టవద్దన్నారు. పరదాలు ఇచ్చిపుచ్చుకునే పనిలో పెట్టారు. సీజను కాగానే ఆయన మొగుళ్లపల్లి వెళ్లిపోయాడు. నాకు సొంత ఊరి దగ్గరికి బదిలీ వచ్చింది. కొత్తచోట నా చుట్టూ చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఈ కథ చెప్పాను.

రెండేళ్లకు నాకు షుగరొచ్చింది.

ఆ తర్వాత ఒకసారి పనిమీద భూపాలపల్లి బయల్దేరాను. పొద్దున గోలీ వేసుకున్నాను, టిఫిను మానేశాను. బస్సులో మొగుళ్లపల్లి వచ్చేసరికి చేతులు వణికాయి, కళ్ల ముందు మసక. దిగి ఒక కొట్టు మెట్టు మీద కూలబడ్డాను. అంగి తడిసిపోయింది. చుట్టూ మనుషులు చేరారు.

"ఎండదెబ్బ గావచ్చు."

"ఎండదెబ్బ కాదే. పొద్దుగాలనే ఏసినట్టున్నడు."

ఎవరిదో చేయి నా మెడ వెనక పడింది. తడిసిన చేయి.

"జరుగుండ్రి, జరుగుండ్రి. గిది చల్ల చెమట" అన్నాడు అన్న. నా నోరు తెరిచి చక్కెర పొట్లం మొత్తం వంపాడు. "చప్పరించు. మింగు. ఇంకొంచెం."

కాసేపటికి ఆయన మొహం కనిపించింది. నా మీదికి వంగి ఉన్నాడు. ఆయన నుదుటి మీది చుక్కలు నా చొక్కా మీద పడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"అన్నా, ఆ రోజు..." అన్నాను.

"ముందుగాల చక్కెర మింగు. నోటి నిండ చక్కెర వెట్టుకుని తప్పు ఒప్పుకుంటే ఎవనికి అర్థమైతది?"

ఇంటికి తీసుకెళ్లాడు. వాకిట్లో నలుగురు రైతులు చేతి రుమాళ్లలో వడ్లు కట్టుకుని కూర్చుని ఉన్నారు. కేంద్రానికి తోలకముందు అన్న పంటి కింద చూపించుకోవడానికి వస్తారట. ఆయన ఒక్కొక్కరి గింజా కొరికి, "తోలుకపో", "ఇంకొక్క ఎండ", "ఏందిరా, నీళ్లల్ల నుంచి తీసుకొచ్చినవా?" అని పంపేశాడు. యంత్రం లేదు, చెంచా లేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

వదిన అన్నం పెట్టింది. మామిడికాయ తొక్కు. మొదటి ముద్దకే నా మొహం మీద, తల మీద చెమట పొంగింది. అన్న తినడం ఆపి నన్ను చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏమేవ్, ఇటు చూడు! బువ్వ చెమట! మనోడైండే!"

"సిగ్గు లేకపోతె సరి, రోగమొస్తె సంబురమా?" అంది వదిన.

"సంబురం గాదే, తోడు" అన్నాడు. సంచిలోంచి మర్యాద తువ్వాల తీసి నా మెడలో వేశాడు. డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పోవాలో, టిఫిను ఎందుకు మానకూడదో, అద్దంలో అరికాళ్లు ఎలా చూసుకోవాలో అరగంట చెప్పాడు. బస్సెక్కించే ముందు మాత్రం ఇంకో మాట అన్నాడు.

"ముచ్చట మస్తు మంచిగ చెప్తున్నవని ఇన్న. గూడూరు నుంచి వచ్చినోళ్లు చెప్పిండ్రు. చెప్పు, నాకేం లేదు. నా చెమట మీద నేనే వెయ్యి చెప్త. గని ఆఖరుకు నంబరు జర సరిచెయ్యి తమ్మీ. వడ్ల నంబరు తప్పు చెప్పినోణ్ని కాదు నేను."

"సరిచేస్త అన్నా" అన్నాను.

ఆ తర్వాత నేను ఆ కథ కనీసం నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ పదహారున్నరే. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ చెప్పాను.

అన్న పోయిన పదో రోజుకు మొగుళ్లపల్లి వెళ్లాను. వాకిట్లో షామియానా, పక్కన కూలరు. దాని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అంత ఎండలో ఒక్కరూ అందులో కూర్చోలేదు. గూడూరు నుంచి ఒక జీపు వచ్చింది. పటేలు దిగాడు, చావులకూ పెళ్లిళ్లకూ తప్పనివాడు. అదే జీపులోంచి తండా అవ్వ కూడా దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపల ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది.

భోజనాలకు ముందు పటేలు నన్ను చూశాడు.

"ఏమోయ్ ట్యాబ్ సారూ! ఆ చెమట ముచ్చట ఒక్కసారి చెప్పు. అన్నకు గూడ నవ్వుడంటే ఇష్టమే. నువ్వు చెప్తేనే మజా."

అందరూ కుర్చీలు జరుపుకున్నారు. నేను చెప్పాను. తువ్వాళ్ల దగ్గర నవ్వారు. గాలి మారిన దగ్గర, అన్నను అటూ ఇటూ జరిపిన దగ్గర పటేలు తొడ చరుచుకున్నాడు. నా కథనం ఎప్పటిలాగే నడిచింది. నా నోరు ఆ దారికి అలవాటు పడిపోయింది. మూత బిగించాను. మీట నొక్కాను. పటేలు నా కంటే ముందే నోరు తెరిచాడు, "పదహా..."

"పందొమ్మిది పాయింట్ రెండు" అన్నాను.

"పదహారున్నర గదనోయ్?"

"కాదు పటేలా. పదహారున్నర నా నోటికెల్లి వచ్చింది. డబ్బాల వచ్చింది పందొమ్మిది పాయింట్ రెండు. అన్న చేతిల ఎంతొచ్చిందో నా చేతిల గంతే వచ్చింది. ఆయన చెమట ఒక్క సుక్క పడలే. నేనే అబద్ధం చెప్పిన."

వెనక వరసలో ఒకడు ఇదే జోకు చివర అనుకుని గట్టిగా నవ్వాడు. ఒక్కడే నవ్వుతున్నానని తెలిసి ఆపేశాడు. పటేలు కండువాతో నుదురు ఒత్తుకున్నాడు. కూలరు ఆయన మీదికే తిరిగి ఉంది.

నాకు చెమటలు కారుతున్నాయి. ఎండ చెమట కాదు, బువ్వ చెమట కాదు, చల్లది కూడా కాదు. అన్న ఉంటే దీనికి ఏదో పేరు చెప్పేవాడు.

గుమ్మం దగ్గరికి వదిన వచ్చి నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు. నన్ను తిట్టలేదు.

"మరిదీ, లోపల అవ్వకు ఇనపడలేదట. జర లేసి మల్లొక్కసారి చెప్పు" అంది.

లేచి నిలబడి, లోపలికి వినపడేటట్టు చెప్పాను. అక్కడికి రానివాళ్ల కోసం, గ్రూపులో నవ్విన పద్నాలుగు మంది కోసం ఇప్పుడు మూడోసారి చెబుతున్నాను. పందొమ్మిది పాయింట్ రెండు.